కొట్టు మారినా మాట మారరాదు

ప్రభుత్వ రంగ సంస్థల కుటుంబాలకు బదిలీ అంటే ఏమిటో వేరుగా వివరించనవసరం లేదు. ఉత్తర్వు అందిన నాటి నుండి సామాను కట్టడం, పిల్లల టి.సి.లు తీసుకోవడం, గ్యాస్ కనెక్షన్ మార్పించుకోవడం, పాలవాని పద్దు తీర్చడం, పోస్టాఫీసులో కొత్త చిరునామా ఇచ్చి రావడం, ఇవన్నీ మనలో అనేకులకు అనుభవంలో ఉన్నవే. కార్యాలయంలో సైతం బదిలీ అయిన ఉద్యోగి కుర్చీ వదలడంతో పని ముగియదు. చార్జి అప్పగించాలి. స్టోర్సు రిజిస్టరులో ఉన్న నిల్వకూ, అరలలో ఉన్న నిల్వకూ తేడా లేదని చూపాలి. ఎవరికి ఏమి ఇవ్వవలసి ఉన్నదో, ఎవరి నుండి ఏమి రావలసి ఉన్నదో వ్రాసి సంతకం చేయాలి. 'నో డ్యూస్' పత్రం చేతికి వచ్చిన తరువాతనే ఆ ఉద్యోగి ఆ ఊరి నుండి నిజంగా విడుదలైనట్లు.

ఆన్‌లైన్ దుకాణాలకు కూడా ఇటువంటి బదిలీలు ఉంటాయని, వాటికి కూడా చార్జి అప్పగింత అవసరమని మాకు 2020వ సంవత్సరంలో స్వయంగా తెలిసివచ్చినది. ఇంటి సామాను కంటికి కనబడుతుంది. లారీకి ఎక్కినదీ లేనిదీ లెక్కించవచ్చు. ఆన్‌లైన్ కొట్టులోని సామాను కంటికి కనబడదు. పోయిన వస్తువు పోయినట్లు కూడా తెలియదు. ఆ కారణంగానే ఆ అనుభవాన్ని మన పత్రిక పాఠకులతో పంచుకొనదలచినాము. నేడు మన కుటుంబాలలో చీరలు, పచ్చళ్ళు, పుస్తకాలు, చేతిపనులు ఆన్‌లైన్‌లో అమ్ముతున్నవారు తక్కువేమీ లేరు. వారిలో ఏ ఒక్కరికైనా ఇది ఉపకరిస్తే మా శ్రమ సార్థకమైనట్లే.

కొట్టు పుట్టుక

విశాఖ ప్రాంతంలోని మన టౌన్‌షిప్ మహిళా సమితి తరఫున ఈ పని చూసినవారము అయిదుగురము. మాలో ముగ్గురు గృహిణులు, కంప్యూటర్ విభాగంలో పనిచేసే ఒక ఉద్యోగిని, అకౌంట్సు విభాగంలో పదవీ విరమణ చేసిన ఒక పెద్దాయన ఉన్నారు. ఆ పెద్దాయనను అందరమూ బాబాయిగారనే పిలుస్తాము.

చుట్టుపక్కల గ్రామాల స్త్రీలు తయారుచేసే ఆవకాయ, గోంగూర పచ్చడి, అప్పడాలు, వడియాలు, నూలు తువ్వాళ్ళు, వాటితోపాటు ఏటికొప్పాక లక్క బొమ్మలను మా సమితి ఏటేటా దసరాకు, సంక్రాంతికి ప్రదర్శన పెట్టి అమ్మేది. అంకుడు కర్రను తరిణిపై చెక్కి, లక్కరంగులు అద్ది చేసే ఆ బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు కూడా లభించినది. అయితే కొనేవారిలో చాలామంది కొన్నేళ్ళకు బదిలీపై వెళ్ళిపోయేవారు. ఛత్తీస్‌గఢ్ నుండి, ఒడిశా నుండి, ఝార్ఖండ్ నుండి ఫోన్లు చేసి "ఈ ఏడు రెండు కిలోల ఆవకాయ పంపించే దారి ఉన్నదా అక్కయ్యా?" అని అడిగేవారు. ఆ ఫోన్లే మా ఆన్‌లైన్ కొట్టుకు మూలం. 2014లో దానిని ప్రారంభించాము.

అప్పుడు మేము ఎంచుకున్న వేదిక మెజెంటో మొదటి తరం. అది 2008లో వెలువడిన సాఫ్ట్‌వేర్. దాని మూలం అందరికీ తెరచి ఉండేది గనుక ఉచితంగా తీసుకొని, అద్దె సర్వరులో పెట్టుకొని, కావలసిన మార్పులు చేసుకొనే వీలుండేది. ప్రపంచమంతటా వేలాది చిన్న దుకాణాలు దానిపైననే నడిచాయి. మా కొట్టు కూడా అయిదేళ్ళపాటు దానిపై సాఫీగా నడిచినది.

బదిలీ ఉత్తర్వు

2015లో ఆ సాఫ్ట్‌వేర్ రెండవ తరం వచ్చినది. 2018లో అడోబీ సంస్థ మెజెంటోను కొనుగోలు చేసినది. అదే సంవత్సరంలో మొదటి తరానికి 2020 జూన్ తరువాత మద్దతు ఉండదని ప్రకటన వెలువడినది. చివరి తేదీ 2020 జూన్ 30.

మద్దతు ఆగిపోతే కొట్టు మరునాడే మూతపడదు. తలుపులు తెరచుకుంటూనే ఉంటాయి. కాని ఆ తేదీ తరువాత తాళంలో లోపం బయటపడితే దానిని సరిచేసి పంపేవారు ఉండరు. దొంగకు మాత్రం ఆ లోపం తెలిసిపోతుంది. కొనుగోలుదారుల పేర్లు, చిరునామాలు, ఫోన్ నంబర్లు మన దగ్గర ఉన్నప్పుడు అటువంటి ఇంట్లో ఉండడం న్యాయం కాదు.

రెండవ తరానికి మారితే సరిపోదా అని మాలో ఒకరు అడిగారు. పేరు ఒకటే అయినా అది పాత ఇంటికి వేసిన మేడ కాదు, వేరే స్థలంలో కట్టిన వేరే ఇల్లు. పాత అలంకరణ, పాత అనుబంధాలు దానిలో పనిచేయవు; సర్వరుకు శక్తి కూడా ఎక్కువ కావాలి. ఎటూ తరలవలసినదే అయినప్పుడు, ఎక్కడికి తరలాలనేది ఆలోచించవలసిన ప్రశ్న అయినది.

"ఇంత శ్రమ ఎందుకు వదినా? పెద్ద పెద్ద అమ్మకపు వెబ్‌సైట్లలో మన సరుకు పెట్టేస్తే పోలేదా?" అని మాలోని చిన్నామె అన్నది. ఆ మాటలో సబబు ఉన్నది. పెద్ద బజారులో జనం ఎక్కువ. కాని అక్కడ మనది ఒక దుకాణం కాదు, ఒక అర. అమ్మకంపై కమీషన్ ఇవ్వాలి. కొన్నవారు మన వాడుకదారులు కారు, ఆ బజారు వాడుకదారులు. బదిలీపై వెళ్ళిన మన కుటుంబాలతో ఉన్న అనుబంధమే మా పెట్టుబడి అయినప్పుడు దానిని వదులుకోవడం మాకు సమ్మతం కాలేదు.

నెల నెలా అద్దె చెల్లించి, సకల సదుపాయాలూ వారే చూసుకొనే షాపిఫై వంటి వేదికలు రెండవ మార్గం. 2006లో కెనడాలో మొదలైన ఆ సంస్థ ఇల్లు కట్టి, దీపాలు పెట్టి, కాపలా ఏర్పాటు చేసి ఇస్తుంది. మనం సరుకు సర్దుకుంటే చాలు. మూడవ మార్గం వూకామర్స్. 2011లో వెలువడిన ఈ సాఫ్ట్‌వేర్ వర్డ్‌ప్రెస్‌కు అనుబంధంగా పనిచేస్తుంది. ఉచితమే గాని సర్వరు అద్దె, కాపలా బాధ్యత మనవి. కంప్యూటర్ విభాగంలో పనిచేసే సభ్యురాలు మాకు అండగా ఉన్నందున మూడవ మార్గమే ఎంచుకున్నాము.

నిర్ణయానికి ముందు బాబాయిగారు ఒక ప్రశ్న వేశారు. "వెళ్ళే ఇంటి వాకిలి బాగానే ఉన్నది. రేపు దానిని కూడా వదలవలసి వస్తే మన పద్దులన్నీ మన వెంట తెచ్చుకొనే పెరటి గుమ్మం ఉన్నదా?" ఏ వేదికలో చేరేవారైనా మొదట అడగవలసిన ప్రశ్న ఇదే. వస్తువుల జాబితా, కొనుగోలుదారుల వివరాలు, ఆర్డర్ల చరిత్ర మొత్తం సాధారణ ఫైళ్ళ రూపంలో బయటకు తీసుకొనే వీలు లేని చోట చేరరాదు.

పెద్ద కొట్లకూ తప్పని తరలింపు

ఇది మా చిన్న కొట్టుకు మాత్రమే వచ్చిన అవసరం కాదు. రైల్వే టికెట్లు అమ్మే ఐ.ఆర్.సి.టి.సి. కూడా మన వలెనే ప్రభుత్వ రంగ సంస్థ. 2002లో ఆన్‌లైన్ టికెట్లు మొదలుపెట్టిన ఆ సంస్థ, రద్దీ తట్టుకోలేని దశ వచ్చినప్పుడు 2014 ఏప్రిల్‌లో కొత్త వ్యవస్థకు మారినది. నిమిషానికి 2,000 టికెట్ల సామర్థ్యం దానితో 7,200కు పెరిగినది. ప్రయాణికుల తాకిడి ఒక్కరోజు కూడా ఆగని చోట ఆ మార్పు జరిగినదని గుర్తుంచుకోవాలి.

మన కొనుగోలు విభాగాలవారికి మరొక ఉదాహరణ బాగా తెలుసు. దశాబ్దాల తరబడి డి.జి.ఎస్.అండ్.డి. రేటు కాంట్రాక్టులతో నడిచిన ప్రభుత్వ కొనుగోళ్ళు 2016లో ప్రారంభమైన జెమ్ పోర్టల్‌కు తరలినాయి. 2017 అక్టోబర్ 31న డి.జి.ఎస్.అండ్.డి. మూతపడినది. అంత పెద్ద వ్యవస్థే తరలినప్పుడు అయిదుగురు నడిపే కొట్టు తరలడం ఎంత అని మేము ధైర్యం చెప్పుకున్నాము.

ఖాళీ అయిన బజారు

సంక్రాంతి అమ్మకాలు ముగిసిన తరువాత, 2020 ఫిబ్రవరిలో పని ప్రారంభించాము. మామిడికాయల కాలానికి ముందే కొత్త కొట్టు తెరవాలన్నది సంకల్పం. ఆవకాయ అమ్మకమే గ్రామాల స్త్రీలకు సంవత్సరంలో ముఖ్యమైన రాబడి. ఇంతలో మార్చి 25 నుండి దేశవ్యాప్త లాక్‌డౌన్ వచ్చినది. ప్రదర్శనలు రద్దయినాయి. పార్సిళ్ళు ఎక్కడివక్కడ నిలిచిపోయినాయి. నిత్యావసరాలు కాని వస్తువులను ఏప్రిల్ 20 నుండి ఆన్‌లైన్‌లో అమ్ముకొనవచ్చునని మొదట అన్నారు. ఏప్రిల్ 19న ఆ అనుమతి ఉపసంహరించారు. మే 4 తరువాత ఆరెంజ్, గ్రీన్ జోన్లలో మాత్రం వీలు కలిగినది.

ప్రదర్శన లేదు, పార్సిలు లేదు. కాని మామిడికాయ ఎవరి ఉత్తర్వుకూ ఆగదు గదా. నూనె, కారం, ఆవపిండి అప్పు చేసి కొన్న స్త్రీలు జాడీలు నింపి కూర్చున్నారు. వారికి ఇక మిగిలిన బజారు మా ఆన్‌లైన్ కొట్టు ఒక్కటే. అందుచేత ఈ తరలింపు కేవలం సాంకేతిక విషయంగా మిగలలేదు. కొత్త కొట్టు మే నెలాఖరుకు తెరచుకోకుంటే ఆ జాడీలు వచ్చే ఏటి వరకు ఇళ్ళలోనే ఉండిపోయే ప్రమాదం ఏర్పడినది.

ఆవకాయ అక్షరాలు

ఎవరి ఇళ్ళలో వారుండి, ఫోన్లలో మాట్లాడుకుంటూ పని సాగించాము. మొదట నిజమైన తరలింపు కాదు, రిహార్సల్. పాత డేటాబేస్ నకలు తీసి, ఎవరికీ కనబడని పరీక్షా సర్వరులో కొత్త కొట్టును నింపి చూశాము. ప్రతి వస్తువూ వచ్చినది. తెలుగు పేర్లు మాత్రం గజిబిజి గుర్తులుగా వచ్చినాయి.

కారణం తెలుసుకుంటే విషయం సులభమే. యూనికోడ్‌లో తెలుగుకు 1991లోనే చోటు దొరికినది. అయితే ఇప్పుడు ప్రచారంలో ఉన్న యు.టి.ఎఫ్.-8 పద్ధతిలో ఒక్కొక్క తెలుగు గుర్తును మూడేసి బైట్లుగా దాస్తారు. 'ఆవకాయ' అన్న మాటలో దీర్ఘంతో కలిపి అయిదు గుర్తులు, అంటే పదిహేను బైట్లు. నకలు తీసేటప్పుడో, నింపేటప్పుడో మధ్యనున్న సాధనం ఒక బైటుకు ఒక ఐరోపా అక్షరం అనే పాత పద్ధతిలో చదివితే, 'ఆవకాయ' పదిహేను పరాయి గుర్తులుగా పగిలిపోతుంది. తీసే చోటా, పెట్టే చోటా ఏ పద్ధతి వాడాలో స్పష్టంగా నిర్దేశించిన తరువాత అక్షరాలన్నీ చక్కబడినాయి. తెలుగులో కొట్టు నడిపేవారు మొదట ఒక్క వస్తువును తరలించి, పేరు సరిగా వచ్చినదో లేదో చూసిన తరువాతనే మిగిలినవి ముట్టుకోవాలి.

చిరునామాల విషయంలో మరొక చిక్కు ఉన్నది. వస్తువు పేజీ చిరునామా తెలుగులో ఉంటే, ప్రతి బైటూ మూడు గుర్తులుగా మారుతుంది. 'ఆవకాయ' నలభై అయిదు గుర్తులవుతుంది. వర్డ్‌ప్రెస్ ఆ చిరునామాకు 200 గుర్తుల చోటే కేటాయించినది. పొడవైన తెలుగు పేర్లు మధ్యలో తెగిపోతాయి. అందుచేత పేజీపై పేరు తెలుగులోనే ఉంచి, చిరునామా మాత్రం ఇంగ్లీషు అక్షరాలలో పొట్టిగా పెట్టుకున్నాము.

లెక్కల ఫైళ్ళను స్ప్రెడ్‌షీట్‌లో తెరిచేటప్పుడు కూడా జాగ్రత్త కావాలి. 91 ముందు చేర్చిన ఫోన్ నంబరులో పన్నెండు అంకెలు, ఆహార భద్రతా లైసెన్సులో పద్నాలుగు అంకెలు ఉంటాయి. స్ప్రెడ్‌షీట్ వాటిని పెద్ద సంఖ్యలుగా భావించి ఘాతాంక రూపంలోకి కుదిస్తుంది. అలాగే భద్రపరిస్తే చివరి అంకెలు శాశ్వతంగా పోతాయి. ఆ నిలువు వరుసలు సంఖ్యలు కావు, అక్షరాలు అని ముందే చెప్పి తెరవాలి.

కనబడని బాకీ

రిహార్సల్‌లో బయటపడిన అసలు విషయం మరొకటి. మా పాత కొట్టులో ప్రతి వస్తువుకూ 'తయారీదారు' అనే ప్రత్యేకమైన గడి ఉండేది. ఏ సీసా ఎవరు చేసినదో దానిలో నమోదు చేసేవారము. నెలాఖరున ఎవరికి ఎంత చెల్లించాలో ఆ గడిని బట్టే తేలేది. కొనుగోలుదారుకు కనబడే పేజీలో కూడా ఆమె పేరు, ఊరు ఉండేవి.

తరలింపుకు దొరికే సిద్ధసాధనాలు అన్ని దుకాణాలకూ ఉమ్మడిగా ఉండే వివరాలనే మోసుకొనిపోతాయి. పేరు, ధర, తూకం, వర్ణన, బొమ్మ, ఇవన్నీ చక్కగా వచ్చినాయి. మేము ప్రత్యేకంగా కల్పించుకున్న 'తయారీదారు' గడి రాలేదు. మొదటి తరం మెజెంటోలో ఒక వస్తువు వివరాలు ఒకే పట్టికలో ఉండవు. చిన్న అక్షరాల వివరాలు ఒక పట్టికలో, పెద్ద వర్ణనలు మరొక పట్టికలో, ధరలు ఇంకొక పట్టికలో పరచుకొని ఉంటాయి. ఆ గడి విలువ వాటిలో ఒక మూల ఉండిపోయినది. కొట్టు చూడడానికి నిండుగానే ఉన్నది. ఏ తప్పూ చూపలేదు. కాని ఎవరి కష్టం ఎవరిదో చెప్పే ఆధారం లేదు.

ఈ విషయం అందరి కంటె ముందు బాబాయిగారు పట్టుకున్నారు. ఆయన తమ అలవాటు చొప్పున కంప్యూటరుతో సమాంతరంగా ఒక చేతి పద్దు కూడా వ్రాసుకునేవారు. పూర్వం మన సంస్థలలో జీతాల బిల్లులు కంప్యూటరులోకి మారిన కాలంలో, కొన్ని నెలలు చేతి లెక్క, యంత్రపు లెక్క పక్కపక్కన నడిపి, పైసాతో సహా సరిపోయిన తరువాతనే చేతి లెక్క ఆపేవారని ఆయన అంటారు. ఆ పద్ధతినే ఇక్కడ కూడా పాటించమన్నారు. పాత కొట్టులో ఒక నెల అమ్మకాలు, కొత్త కొట్టులో అదే నెల అమ్మకాలు, తయారీదారు వారీగా కూడి చూస్తే కొత్తదానిలో ఆ వరుస ఖాళీగా ఉన్నది.

పాత పట్టికల నుండి ఆ గడిని ప్రత్యేకంగా వెలికితీసి, వస్తు సంకేతాన్ని ఆధారం చేసుకొని కొత్త కొట్టులో ఒక్కొక్కదానికి జతచేశాము. మూడు వందల పైచిలుకు వస్తువులు. తరువాత చేతి పద్దుతో సరిచూశాము. ఈ పనికి దాదాపు రెండు వారాలు పట్టినది.

ఆ రోజులలోనే గ్రామంలో ఆవకాయ పెట్టే ఒక పెద్దామెకు ఫోన్ చేసి, కొట్టు మారుతున్నదని, కొంచెం ఆలస్యమవుతుందని చెప్పాము. ఆమె అంతా విని, "కొట్టు ఎక్కడికెల్తే నాకేటమ్మా? సీసా మీద నా పేరుంటాదా, ఉండదా? అదీ సెప్పండి" అన్నది. ఉంటుందని మాట ఇచ్చాము. అప్పటికి ఆ గడి ఇంకా పూర్తి కాలేదు. ఆ మాట ఇచ్చిన తరువాత మాలో ఎవరికీ 'ముందు కొట్టు తెరుద్దాము, పేర్లు తరువాత చూద్దాము' అనే ధైర్యం లేకపోయినది.

చార్జి అప్పగింత

కొనుగోలుదారులకు మేము ఇచ్చి ఉన్న మాటలు కూడా తరలవలసి ఉన్నాయి. పదవీ విరమణ సభలలో కానుకగా ఇచ్చే అయిదు వందల రూపాయల కూపన్లు కొన్ని వాడకుండా మిగిలి ఉన్నాయి. వాటి సంకేతాలను, మిగిలిన మొత్తాలను యథాతథంగా కొత్త కొట్టులో నమోదు చేశాము. లాక్‌డౌన్ వలన నిలిచిపోయిన ఆర్డర్ల వారికి ఒక్కొక్కరికీ ఫోన్ చేసి, ఆగుతారో, డబ్బు వాపసు కావాలో అడిగాము. వాపసుకు అసలు చెల్లింపు లావాదేవీ సంఖ్య కావాలి గనుక పాత ఆర్డర్ల చరిత్ర లేకుండా ఆ పని జరిగేదే కాదు.

పాస్‌వర్డులు మాత్రం తరలించలేదు. వాటిని ఉన్నవి ఉన్నట్లు దాచరు. వెనుకకు తిప్పలేని గణిత ప్రక్రియతో మార్చి దాస్తారు. దంచిన కారం నుండి మిరపకాయను తిరిగి తీయలేనట్లే దానినుండి పాస్‌వర్డు తీయలేము. రెండు వేదికలు దంచే విధానాలు కూడా వేరు. అందుచేత వాడుకదారులందరికీ కొత్త పాస్‌వర్డు పెట్టుకొనవలసినదిగా ముందే తెలియజేశాము. 'మా ఉత్తరంలో ఉన్న లింకు నొక్కవద్దు. మీరే కొట్టు చిరునామా టైపు చేసి రండి' అని కూడా వ్రాశాము. కొట్టు మారే సమయంలోనే మోసగాళ్ళు కొట్టు పేరుతో ఉత్తరాలు వ్రాస్తారు.

ఇన్‌వాయిస్ సంఖ్యల విషయంలో బాబాయిగారు పట్టుబట్టారు. జి.ఎస్.టి. నిబంధనల ప్రకారం ఇన్‌వాయిస్ సంఖ్య పదహారు గుర్తులకు మించకుండా, వరుసగా, ఆ ఆర్థిక సంవత్సరంలో మరొకదానికి రాకుండా ఉండాలి. కొత్త వేదిక మరల ఒకటి నుండి లెక్కపెడితే ఒకే సంఖ్యతో రెండు ఇన్‌వాయిస్‌లు పుడతాయి. కొత్త కొట్టుకు వేరే శ్రేణి అక్షరాలు ముందు చేర్చి ఆ చిక్కు తప్పించాము. వార్షిక రిటర్న్ గడువు తేదీ నుండి 72 నెలలపాటు లెక్కలు భద్రపరచాలి గనుక పాత డేటాబేస్ నకళ్ళు రెండు చోట్ల దాచాము. ఇల్లు ఖాళీ చేసినా దస్త్రాల పెట్టె పారవేయరాదు.

ఇక చిరునామాలు. ఊరు మారినప్పుడు పోస్టాఫీసులో కొత్త చిరునామా ఇచ్చి రాకపోతే మన ఉత్తరాలు పాత ఇంటి గుమ్మం దగ్గరే ఆగిపోతాయి. ఆన్‌లైన్‌లో ఆ పనిని 301 అనే సంకేతం చేస్తుంది. 'ఈ పేజీ శాశ్వతంగా ఫలానా చోటికి మారినది' అని దాని అర్థం. 302 అంటే తాత్కాలికంగా మారినదని. పాత కొట్టులోని ప్రతి పేజీకీ కొత్త పేజీ చిరునామా ఎదురెదురుగా వ్రాసి పట్టిక తయారుచేశాము. అన్నింటినీ ముఖద్వారానికి పంపివేయడం సులభమే గాని, ఏటికొప్పాక బొమ్మ కోసం వచ్చిన మనిషిని వాకిట నిలబెట్టి మరల వెతుక్కోమనడం మర్యాద కాదు. ఈ మళ్ళింపులను కనీసం ఒక సంవత్సరం ఉంచడం మంచిదని గూగుల్ సంస్థ కూడా సూచిస్తుంది. మేము నేటికీ తీసివేయలేదు.

పేరు ఏ సర్వరులో ఉన్నదో చెప్పే డి.ఎన్.ఎస్. వివరాన్ని ఇంటర్నెట్ దారిలోని కంప్యూటర్లు కొంతకాలం గుర్తుపెట్టుకుంటాయి. ఆ వ్యవధి ఒక రోజు ఉంటే, కొట్టు మార్చిన తరువాత ఒక రోజు వరకు కొందరు పాత కొట్టుకే పోతారు. మేము రెండు రోజుల ముందే ఆ వ్యవధిని అయిదు నిమిషాలకు తగ్గించాము. ఒక ఆదివారం రాత్రి పాత కొట్టులో కొత్త ఆర్డర్లు ఆపి, చివరి లెక్క తరలించి, సరిచూసి, పేరును కొత్త సర్వరు వైపు త్రిప్పాము. మాలో ఒకరు తమ సొంత డబ్బుతో పావుకిలో వడియాలు కొని, డబ్బు జమ అయినదీ, ఇన్‌వాయిస్ వచ్చినదీ చూశారు. తరువాత దానిని రద్దు చేసి వాపసు కూడా పరీక్షించారు. తెల్లవారు జామున కొట్టు తెరచుకున్నది.

మే చివరి వారంలో ఆవకాయ పార్సిళ్ళు బయలుదేరినాయి. కొన్ని వారాలపాటు గూగుల్ ద్వారా వచ్చేవారు తగ్గారు. తరువాత క్రమంగా మునుపటి స్థితికి వచ్చారు. జాడీలు ఖాళీ అయినాయి. నెలాఖరున తయారీదారుల చెల్లింపులు చేతి పద్దుతో రూపాయి తేడా లేకుండా సరిపోయినాయి. ఆ పెద్దామె పేరు ఆమె ఆవకాయ పేజీలో మునుపటి వలెనే ఉన్నది.

ముగింపు లేని పని

ఒకసారి తరలితే ఇక నిశ్చింత అనుకొనడానికి వీలు లేదు. రిజర్వు బ్యాంకు ఆదేశాల మేరకు 2022 అక్టోబర్ 1 నుండి దుకాణదారులు కొనుగోలుదారుల కార్డు వివరాలు తమ వద్ద దాచుకొనరాదు. మేము మొదటి నుండి వాటిని దాచనందున మాకు భారం కలగలేదు. దాచుకొననిది కాపాడవలసిన పని ఉండదు. 2023 చివరలో వూకామర్స్ ఆర్డర్లను వేరే పట్టికలలో ఉంచే కొత్త పద్ధతిని కొత్త దుకాణాలకు సాధారణ పద్ధతిగా చేసినది. అది కూడా ఇంట్లోనే ఒక గది నుండి మరొక గదికి సామాను మార్చడం వంటిదే. మరల నకలు, మరల రిహార్సల్, మరల సరిచూపు.

ఇటువంటి పని తలపెట్టే మన కుటుంబాలవారికి మేము చెప్పదగినది ఇంతే. బయలుదేరే ముందు కొట్టులో ఏమేమి వస్తువులున్నాయో జాబితా వ్రాయండి. దాని కంటె ముందు, ఎవరెవరికి ఏమేమి మాట ఇచ్చి ఉన్నారో జాబితా వ్రాయండి. డబ్బు కట్టి సరుకు రాని వారు, కూపను చేతిలో ఉన్నవారు, సరుకు ఇచ్చి డబ్బు రాని వారు, మీ పాత చిరునామాను గుర్తుపెట్టుకున్న వారు, అందరూ అందులో ఉండాలి. వస్తువుల పేర్లు, ధరలు, బొమ్మలు ఏ సాధనమైనా మోస్తుంది. ఆ రెండవ జాబితాను మోసే సాధనం ఏదీ లేదు. దానిని మనుషులే చేతులతో మోయాలి. అమ్మకాలు తక్కువగా ఉండే నెలను ఎంచుకొని, పాత కొత్త లెక్కలు కొంతకాలం పక్కపక్కన నడిపి, మీలో అకౌంట్సు తెలిసిన ఒక పెద్దవారిని తప్పక కూర్చోబెట్టుకొని ఆ పని మొదలుపెట్టండి.